అరువు ఓట్లతో అధికారం: కొత్త మధ్యేవాద పార్టీకి దెబ్బ ఎక్కడ తగులుతుంది

స్లొవేనియాలో 2014 జూన్ 2న ఒక పార్టీ పుట్టింది. స్థాపకుడి పేరే దాని పేరు: మీరో త్సెరార్ పార్టీ. జూలై 13న ఎన్నికలు జరిగితే 90 స్థానాల్లో 36 గెలిచి ప్రభుత్వం ఏర్పాటు చేసింది. పుట్టి ఆరు వారాలైనా నిండలేదు. 2018లో అదే పార్టీకి 10 స్థానాలు మిగిలాయి. ఆ తర్వాత 2022 జనవరిలో రాబర్ట్ గోలోబ్ ఒక చిన్న పార్టీ పగ్గాలు చేపట్టి, దానికి స్వేచ్ఛా ఉద్యమం అని పేరు మార్చి, ఏప్రిల్ ఎన్నికల్లో 41 స్థానాలు గెలిచి, ఆ తర్వాత ప్రధాని అయ్యారు. బల్గేరియాది ఇంకా పాత కథ. మాజీ రాజు సిమియన్ 2001 ఏప్రిల్‌లో రాజకీయాల్లోకి వస్తున్నట్టు ప్రకటించారు. జూన్‌లో ఆయన పార్టీకి 240లో 120 స్థానాలు వచ్చాయి. 2005లో 53, 2009లో సున్నా.

ఈ లెక్కలు చూస్తే ఒక సంగతి తేలిపోతుంది. పాత పార్టీల మీద జనానికి విసుగు పుట్టిన వేళ, మంచి పేరున్న మనిషి దొరికితే మధ్యేవాద పార్టీ గెలవడం పెద్ద వింత కాదు. అలా గెలిచిన పార్టీ రెండో ఎన్నికకు బతికి ఉండటమే వింత. కారణం నాయకుడి గుణగణాల్లో కంటే ఓటు స్వభావంలో ఎక్కువగా ఉంది. మధ్యలో నిలబడిన పార్టీకి పడే ఓటు చాలావరకు అరువు ఓటు. ఎడమ నుంచి కొంత, కుడి నుంచి కొంత చేబదులుగా వస్తుంది. ప్రభుత్వంలో కూర్చుని తీసుకునే ప్రతి నిర్ణయంతోనూ ఎవరో ఒకరు తమ అప్పు తిరిగి అడుగుతారు.

అరువు ఎంతో, సొంతం ఎంతో

ఫ్రాన్స్ 2017 ఎన్నికలో ఈ తేడా బాగా కనిపిస్తుంది. ఏప్రిల్ 23న జరిగిన తొలి విడతలో ఎమ్మాన్యుయేల్ మాక్రాన్‌కు 24.01 శాతం ఓట్లు వచ్చాయి. రెండు వారాల తర్వాత, మే 7న, 66.1 శాతం. మధ్యలో పెరిగిన 42 శాతంలో పెద్ద భాగం తీవ్ర మితవాద అభ్యర్థి మరీన్ లెపెన్ రాకూడదని వేసిన ఓటు. తొలి విడత 24 శాతమైనా పూర్తిగా సొంతం కాదు. సోషలిస్టు అభ్యర్థి 6.36 శాతానికి పడిపోయారంటే ఆ ఇంటి నుంచి తరలివచ్చిన వాళ్లు ఎందరో ఊహించవచ్చు. జూన్‌లో పార్లమెంటు ఎన్నికలు వచ్చాయి. మాక్రాన్ పార్టీకి, మిత్రపక్షం మోడెమ్‌కు కలిపి 577లో 350 స్థానాలు దక్కాయి. పత్రికలన్నీ ప్రభంజనం అని రాశాయి. ఆ రెండో విడతలో పోలింగ్ 43 శాతం కూడా దాటలేదు. వాపును చూసి బలుపనుకోవడం అంటే సరిగ్గా ఇదే.

కాబట్టి గెలిచిన వారంలోనే పార్టీ చేసుకోవాల్సిన పని ఒకటుంది. ప్రతి నియోజకవర్గానికి మూడు అంకెలు రాసుకోవాలి: గత ఎన్నికలో ఆ ఓట్లు ఎవరికి పడ్డాయి, ఈసారి మనకు ఎన్ని వచ్చాయి, మన ప్రధాన ప్రత్యర్థి మారి ఉంటే వాటిలో ఎన్ని నిలిచేవి. మూడోది అంచనాయే. అయినా రాసుకోవాలి. ఏ నిర్ణయంతో ఏ ఊళ్లలో ఎవరు దూరమవుతారో చెప్పేది ఆ అంకే. సంబరాల్లో ఈ పని వాయిదా పడుతుంది, ఇక ఎప్పటికీ జరగదు.

ఎన్నికల పద్ధతి తేల్చే ప్రశ్న

పార్టీ పెట్టే ముందు సిద్ధాంతం కంటే ముందు చూడాల్సింది ఓట్లను సీట్లుగా మార్చే పద్ధతి. బ్రిటన్‌లో 1981 మార్చిలో రాయ్ జెంకిన్స్, డేవిడ్ ఓవెన్, బిల్ రోడ్జర్స్, షర్లీ విలియమ్స్ కలిసి సోషల్ డెమొక్రటిక్ పార్టీ పెట్టారు. నలుగురూ మాజీ మంత్రులే. లేబర్ నుంచి 28 మంది ఎంపీలు వచ్చి చేరారు. 1983 ఎన్నికల్లో లిబరల్ పార్టీతో కూటమి కట్టి 25.4 శాతం ఓట్లు తెచ్చుకున్నారు. లేబర్‌కు 27.6 శాతం. తేడా రెండు శాతం పైచిలుకు. సీట్లు మాత్రం లేబర్‌కు 209, కూటమికి 23. ఎక్కువ ఓట్లు వచ్చినవారే గెలిచే పద్ధతిలో దేశమంతా పల్చగా పరుచుకున్న పాతిక శాతం అంటే దాదాపు ప్రతిచోటా రెండో స్థానం లేదా మూడో స్థానం.

ఆ రెండు పార్టీలు కలిసిపోయి ఏర్పడిన లిబరల్ డెమొక్రాట్లు ఈ పాఠం నేర్చుకోవడానికి నాలుగు దశాబ్దాలు పట్టింది. 2010లో 23 శాతం ఓట్లతో 57 సీట్లు గెలిచారు. 2024లో 12.2 శాతంతో 72 సీట్లు గెలిచారు. ఓట్లు సగానికి దగ్గరగా తగ్గాయి, సీట్లు పెరిగాయి. గెలవగల స్థానాలను ముందే ఎంచుకుని, మనుషుల్నీ డబ్బునీ అక్కడే కుమ్మరించి, మిగతాచోట్ల పేరుకు అభ్యర్థిని నిలబెట్టి వదిలేశారు. ఇలాంటి పద్ధతి ఉన్న దేశంలో 200 స్థానాలకు పోటీ చేసి అన్నిచోట్లా 20 శాతం తెచ్చుకోవడం కంటే, 40 స్థానాల్లో 38 శాతానికి చేరడం మేలు. వినడానికి తేలిక. పార్టీలో మాత్రం మిగతా 160 చోట్ల టికెట్ కోసం కాచుకున్నవాళ్లు ఊరుకోరు. స్థాపకుల మధ్య తొలి తగవు సిద్ధాంతం మీద రాదు, ఈ జాబితా మీదే వస్తుంది.

ఓట్ల శాతాన్ని బట్టి సీట్లు పంచే దామాషా పద్ధతిలో లెక్క వేరు. నెదర్లాండ్స్‌లో 150 సీట్లు, మొత్తం ఓట్లలో 0.67 శాతం వస్తే ఒక సీటు ఖాయం. అక్కడ పార్టీ పుట్టడం తేలిక, చీలడం ఇంకా తేలిక. జర్మనీలో 5 శాతం గీత ఉంది. ఫ్రీ డెమొక్రాట్లు 2009లో 14.6 శాతం తెచ్చుకుని ప్రభుత్వంలో చేరారు. నాలుగేళ్లకు 4.8 శాతంతో పార్లమెంటు నుంచే బయటపడ్డారు. 2025లోనూ, మరో సంకీర్ణం కూలిపోయాక, వాళ్లకు అదే గతి పట్టింది. గీతకు రెండు మూడు శాతం ఎగువన ఉన్న పార్టీ సంకీర్ణంలో చేరేటప్పుడు ఎన్ని మంత్రి పదవులు అన్నది కాదు, ఎన్ని ఓట్లు పోతే అసలుకే మోసం వస్తుందో చూసుకోవాలి.

సొంత సరుకు

మధ్యలో ఉండటం ఒక చోటు మాత్రమే, కార్యక్రమం కాదు. ఎడమవాళ్లు పదంటే కుడివాళ్లు రెండంటే మనం ఆరు అనే పార్టీని జనం గోడ మీద పిల్లి అంటారు. ఆ మాట ఒకసారి అంటుకుంటే వదలదు. సొంత విషయం ఒకటైనా ఉండాలి. దానికి మూడు పరీక్షలు పెట్టుకోవచ్చు. రెండు పెద్ద పార్టీలూ తమ పాత మద్దతుదారులను నొప్పించకుండా దాన్ని ఎత్తుకుపోలేకపోవాలి. రెండేళ్లలో ఫలితం కంటికి కనిపించాలి. ఖర్చెంతో ముందే లెక్కకట్టి ఉండాలి. స్పెయిన్‌లో సియుదాదానోస్ 2006లో కాటలోనియాలో పుట్టినప్పుడు మొదటి పరీక్ష నెగ్గింది. కాటలాన్ జాతీయవాదాన్ని అక్కడే ఉండి, నోరు విప్పి ఎదిరించే కొత్త గొంతు అదే అయింది. 2017 ప్రాంతీయ ఎన్నికల్లో 36 స్థానాలతో అక్కడ అన్నిటికన్నా పెద్ద పార్టీగా నిలిచింది. దేశమంతటికీ విస్తరించే కొద్దీ ఆ పదును పోయింది.

సిమియన్ రెండో పరీక్ష దగ్గర దెబ్బతిన్నారు. 800 రోజుల్లో జనం బతుకులు మారతాయని మాటిచ్చారు. తేదీ అందరికీ గుర్తుండిపోయింది. ఏది ఎంత మారితే మారినట్టో ఎవరికీ తెలియదు. కొలత చెప్పకుండా గడువు మాత్రం చెప్పిన హామీ ప్రతిపక్షానికి ఉచితంగా ఇచ్చిన ఆయుధం.

సొంత విషయం ఎలా దొరుకుతుంది? ఇక్కడ ఫ్రాన్స్‌లో 2016 వేసవిలో జరిగిన పనిని కాస్త దగ్గరగా చూడాలి. ఏప్రిల్ 6న అమియన్ పట్టణంలో ఆన్ మార్ష్ ఉద్యమాన్ని ప్రకటించినప్పుడు మాక్రాన్ ఇంకా మంత్రే. కార్యక్రమం అంటూ ఏదీ లేదు. మే నెలాఖరు నుంచి కార్యకర్తలు ఇంటింటికీ తిరిగారు. ఓటు అడగలేదు. దేశంలో ఏది బాగా నడుస్తోంది, ఏది నడవడం లేదు అని అడిగి, చెప్పింది చెప్పినట్టు రాసుకున్నారు. ఉద్యమం ఇచ్చిన లెక్క ప్రకారం దాదాపు 3 లక్షల తలుపులు తడితే లక్ష సంభాషణలు జరిగాయి. వాటిలో 25 వేల మంది ప్రశ్నావళి పూర్తిచేశారు. అంటే పన్నెండు తలుపులకు ఒక పూర్తి జవాబు. ఒక జట్టు ఒక సాయంత్రం 40 తలుపులు తడుతుందనుకుంటే మూడు పత్రాలు చేతికొస్తాయి. 25 వేల పత్రాలకు దాదాపు 8 వేల జట్టు-సాయంత్రాలు పడతాయి. ఈ పని తలపెట్టే ఏ పార్టీ అయినా ముందు ఈ గుణకారం చేసుకోవాలి.

ఇందులో తప్పులు ఎక్కడ జరుగుతాయంటే, కార్యకర్త తన మాటల్లో కుదించి రాసేస్తాడు. "ఆసుపత్రికి పోతే మూడు గంటలు కూర్చోబెట్టారు" అన్నది "ఆరోగ్య రంగంపై అసంతృప్తి" అవుతుంది. రెండో వాక్యంతో ఏమీ చేయలేం, మొదటిదానితో ఒక హామీ రాయవచ్చు. అందుకే ఇద్దరు కలిసి వెళ్లాలి: ఒకరు మాట్లాడాలి, ఒకరు రాయాలి. అదే రాత్రి పత్రాలు ఎక్కించేయాలి. ఇంకో తప్పు ఉంది. తమకు నచ్చే వీధులకే వెళ్తారు. చదువుకున్నవాళ్లు, నగరాల్లో ఉండేవాళ్లు ఎక్కువగా ఉండే మధ్యేవాద పార్టీలకు ఇది పుట్టుజబ్బు. ఓటర్ల జాబితా నుంచి చీటీ తీసి వీధులను ఎంపిక చేస్తే తప్ప ఆ జబ్బు నయం కాదు.

మనుషులు, నిబంధనలు

2017లో మాక్రాన్ పార్టీ టికెట్ల కోసం సుమారు 19 వేల దరఖాస్తులు వచ్చాయి. అభ్యర్థుల్లో సగం మంది మహిళలు, దాదాపు సగం మంది ఎన్నడూ ఏ పదవికీ ఎన్నిక కానివారు. మే 11న 428 పేర్లు ప్రకటించారు. వెంటనే మిత్రపక్షం అలిగింది, కొన్ని పేర్లు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. కొత్తవాళ్లను తేవడం మంచిదే. చట్టసభ పనిలో మాత్రం ఆరితేరడానికి ఏడాదైనా పడుతుంది. సవరణ ఎలా ప్రతిపాదించాలి, కమిటీలో ఎప్పుడు మౌనంగా ఉండాలి, నియోజకవర్గం నుంచి వచ్చిన వినతిని ఏ శాఖకు పంపాలి అన్నవి పుస్తకం చదివితే వచ్చేవి కావు. ముగ్గురు కొత్తవాళ్లకు ఒక అనుభవజ్ఞుడు ఉంటే బండి నడుస్తుంది. ఆ ఒక్కడూ పాత పార్టీలో టికెట్ దొరక్క వచ్చినవాడైతే నడవదు.

అభ్యర్థి వడపోతలో చూడాల్సినవి: పన్ను పత్రాలు, కోర్టు కేసులు, కుటుంబ వ్యాపారాలకు ప్రభుత్వ కాంట్రాక్టులు, పౌరసత్వం, పదేళ్ల సోషల్ మీడియా రాతలు. ఇవన్నీ అభ్యర్థి చేతే సంతకం చేయించి తీసుకోవాలి, విడిగా సరిచూడాలి. శుభ్రమైన రాజకీయం పేరుతో వచ్చిన పార్టీలో ఒక్క మచ్చ దొరికినా పాత పార్టీల్లో పది మచ్చలంత పెద్దగా కనిపిస్తుంది.

ఇక పార్టీ నియమావళి. వ్యవస్థాపకులకు చాలా విసుగు పుట్టించే పత్రం ఇది, సాధారణంగా ఒక లాయరుకు అప్పజెప్పి చేతులు దులుపుకుంటారు. ఆన్ మార్ష్‌లో సభ్యత్వానికి రుసుము లేదు. వెబ్‌సైట్‌లో ఒక క్లిక్‌తో సభ్యులైపోవచ్చు. 2017 జూలై నియమావళిలో పార్టీ మండలిలో పాతిక శాతం మందిని సభ్యుల్లోంచి లాటరీ తీసి వేసుకునే ఏర్పాటు పెట్టారు. ముఠాలు పుట్టకూడదన్నది ఉద్దేశం. ముఠాలు పుట్టలేదు, నిజమే. ద్వితీయ శ్రేణి నాయకత్వం కూడా పుట్టలేదు. లాటరీలో వచ్చినవాడి వెనక ఎవరూ ఉండరు గనుక, నాయకుడితో "ఇది కుదరదు" అనే బలం అతనికి ఉండదు. లక్షల సభ్యులున్నారని చెప్పుకునే పార్టీ, క్లిక్ చేసి మరచిపోయిన సభ్యుడు ఎప్పుడు వెళ్లిపోయాడో కూడా తెలుసుకోలేదు.

నెదర్లాండ్స్ చట్టం ఈ విషయంలో గట్టిది. పార్టీకి ప్రభుత్వ నిధులు రావాలంటే కనీసం వెయ్యి మంది సభ్యులుండాలి. ఒక్కొక్కరు ఏడాదికి కనీసం 12 యూరోలు కట్టి ఉండాలి, పార్టీ సమావేశాల్లో ఓటు హక్కు ఉండాలి. (అక్కడి తీవ్ర మితవాద నాయకుడు గీర్ట్ విల్డర్స్ పార్టీలో సభ్యుడు ఆయన ఒక్కడే, అందుకే ఆ నిధులు రావు. ఆయన కోరుకున్నదీ అదే కావచ్చు.) పన్నెండు యూరోలు పెద్ద సొమ్మేం కాదు. కానీ ఏడాదికోసారి జేబులోంచి డబ్బు తీసి ఇచ్చే మనిషి, అడగడానికి హక్కున్న మనిషి. వచ్చే ఏడాది కట్టకపోతే అది పార్టీకి అందిన తొలి హెచ్చరిక.

డబ్బు గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు, ప్రతి దేశంలో చట్టం వేరు. ఫ్రాన్స్‌లో ఒక వ్యక్తి పార్టీకి ఏడాదికి 7,500 యూరోలకు మించి ఇవ్వకూడదు, కంపెనీలు అసలే ఇవ్వకూడదు. అధ్యక్ష అభ్యర్థికి 5 శాతం ఓట్లు దాటితే ఖర్చు పరిమితిలో 47.5 శాతం దాకా తిరిగి వస్తుంది. దాటకపోతే చాలా కొద్దిగానే వస్తుంది. అంటే ముందు అప్పు చేసి, ఫలితం వచ్చాక తీర్చాలి. కొత్త పార్టీలు ఇక్కడ చేసే పొరపాటు ఒకటే: ప్రచారం ఖర్చునూ, ఏడాది పొడుగునా ఆఫీసు నడిపే ఖర్చునూ ఒకే ఖాతాలో పెట్టడం. ఓడిన మర్నాడు రెండూ కలిసి మునుగుతాయి.

పొత్తు బేరం

ఒంటరిగా గెలిచే మధ్యేవాద పార్టీలు తక్కువ. మిగతావాటికి అసలు పరీక్ష సంకీర్ణ ఒప్పందం. బ్రిటన్‌లో 2010 ఎన్నికల ముందు లిబరల్ డెమొక్రాట్ అభ్యర్థులు విశ్వవిద్యాలయ ఫీజుల పెంపుకు వ్యతిరేకంగా ఓటేస్తామని విద్యార్థి సంఘం ఇచ్చిన ప్రతిజ్ఞా పత్రంపై సంతకాలు చేశారు. ఆ కాగితం పట్టుకుని ఫొటోలు దిగారు. మేలో కన్జర్వేటివ్‌లతో కలిసి ప్రభుత్వంలో చేరారు. ఒప్పందంలో ఈ అంశంపై ఓటింగుకు దూరంగా ఉండే వెసులుబాటు మాత్రమే రాసుకున్నారు. డిసెంబరులో ఫీజును ఏడాదికి 9 వేల పౌండ్ల వరకు పెంచే ప్రతిపాదన సభకు వచ్చింది. దాన్ని తెచ్చిన మంత్రి సొంత పార్టీవాడే. 57 మంది ఎంపీల్లో 21 మంది వ్యతిరేకించారు, సగానికి కాస్త తక్కువ మంది సమర్థించారు, మిగతావారు దూరంగా ఉన్నారు. ఒకే పార్టీ మూడు ముక్కలుగా ఓటేసింది. ప్రభుత్వం 21 ఓట్ల తేడాతో గట్టెక్కింది.

తప్పు ఒకటి కాదు. సంతకం చేసిన ప్రతిజ్ఞను బేరంలో ఎర్రగీతగా పెట్టుకోలేదు. తమకు పరువు సమస్య అయిన శాఖనే తీసుకున్నారు. అన్నిటికన్నా పెద్దది, దాదాపు ప్రతి శాఖలోనూ ఒక సహాయ మంత్రిని పెట్టుకుని ఒక్క పెద్ద శాఖనూ పూర్తిగా తమది చేసుకోలేదు. ఉప ప్రధాని నిక్ క్లెగ్‌కు సొంత మంత్రిత్వ శాఖే లేదు. ఆదాయపు పన్ను మినహాయింపు పరిమితి పెంపు వాళ్ల మేనిఫెస్టోలోదే. 2015 నాటికి దాన్ని కన్జర్వేటివ్‌లు తమ ఖాతాలో వేసుకున్నారు. ఎన్నికల పద్ధతి మార్పుపై రెఫరెండం సాధించారు గానీ 2011 మేలో 67.9 శాతం వద్దన్నారు. 2015లో 57 సీట్లు 8 అయ్యాయి. చిన్న భాగస్వామికి పది శాఖల్లో పది సహాయ మంత్రుల కంటే ఒకే శాఖ, దానికి బడ్జెట్ హామీ, ఒప్పందంలో తేదీలతో రాసిన మూడు బిల్లులు మేలు.

అలాగని బయట నిలబడటం క్షేమమూ కాదు. 2019 ఏప్రిల్‌లో సియుదాదానోస్‌కు 57 సీట్లు వచ్చాయి. సోషలిస్టులకు 123. కలిస్తే 180, కావాల్సింది 176. సియుదాదానోస్ నాయకుడు ఆల్బెర్ట్ రివేరా కలవలేదు. సంప్రదాయవాద పాపులర్ పార్టీకి అప్పుడు 66 సీట్లే ఉన్నాయి, ఇంకో పది గెలిస్తే కుడివైపు మనమే పెద్ద పార్టీ అన్న ఆశ ఆయనది. ప్రభుత్వం ఏర్పడక నవంబరులో మళ్లీ ఎన్నికలు వచ్చాయి. 57 కాస్తా 10 అయ్యాయి. రివేరా మర్నాడే రాజీనామా చేశారు. ప్రతిష్టంభన తొలగిస్తారని ఓటేసినవాళ్లకు వీళ్లే ప్రతిష్టంభనకు కారణంగా కనిపించారు.

నిర్ణయాల వరుస

సొంత మెజారిటీ ఉన్నవాళ్లకు చిక్కు ఇంకోచోట వస్తుంది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. అందుకే ఏ నిర్ణయం ముందు, ఏది వెనక అన్నది నిర్ణయమంత ముఖ్యం. 2017 వేసవిలో ఫ్రాన్స్ ప్రభుత్వం అద్దె ఇళ్లవాళ్లకిచ్చే సాయంలో నెలకు 5 యూరోలు కోస్తున్నట్టు ప్రకటించింది. ఖజానాకు అదేమంత పెద్ద మొత్తం కాదు. ఆ శీతాకాలంలోనే సంపద పన్ను రద్దై, 2018 జనవరి నుంచి దాని స్థానంలో స్థిరాస్తి మీద మాత్రమే పన్ను మిగిలింది. రెండు నిర్ణయాలకూ వేర్వేరుగా ఆర్థిక వాదనలున్నాయి. పక్కపక్కన పెట్టి చూసిన మనిషికి వాదనతో పనిలేదు: విద్యార్థి దగ్గర ఐదు యూరోలు తీసి ధనికులకు ఇచ్చారు. "ధనికుల అధ్యక్షుడు" అన్న బిరుదు మాక్రాన్‌ను ఇప్పటికీ వదల్లేదు. ఎడమ నుంచి అరువొచ్చిన ఓటు మొదటి ఏడాదే వెనక్కి మళ్లింది.

తర్వాత గ్రామీణ రోడ్ల మీద వేగ పరిమితిని 2018 జూలై నుంచి 80 కిలోమీటర్లకు తగ్గించారు. ఆ తర్వాత ఇంధన పన్ను పెంపు. నవంబరు 17న పసుపు చొక్కాలు తొడుక్కున్న నిరసనకారులు రోడ్డెక్కారు. కారు లేకపోతే పనికి పోలేని ఊళ్ల కోపం అది. రెండేళ్ల కిందట ఇంటింటికీ తిరిగి విన్న పార్టీకి ఈ కోపం ముందుగా ఎందుకు వినబడలేదు? వినే మనుషులు అక్కడ లేరు. చురుకైన వాళ్లంతా మంత్రుల పేషీల్లోకి, పార్లమెంటులోకి వెళ్లిపోయారు. 2017 నవంబరులో పార్టీ అధినేత అయిన క్రిస్టోఫ్ కస్తనేర్ అదే సమయంలో ప్రభుత్వంలోనూ ఉన్నారు. ఏడాది తిరక్కుండా హోంమంత్రి అయ్యారు. ఊళ్లలో పార్టీకి మేయర్లు ఎలాగూ లేరు. చివరికి 2019 జనవరిలో జాతీయ మహాచర్చ పెట్టి, ఇతర పార్టీల మేయర్లను కూర్చోబెట్టుకుని అధ్యక్షుడే గంటల తరబడి వినాల్సి వచ్చింది.

అందుకే అధికారంలోకి వచ్చిన పార్టీ కొన్ని కట్టుబాట్లు ముందే రాసుకోవాలి. ప్రధాన కార్యదర్శి మంత్రి కాకూడదు. ఎన్నికల్లో పనిచేసిన జిల్లా బాధ్యుల్లో కనీసం సగం మందిని ప్రభుత్వ కొలువులకు తీసుకోకూడదు, వాళ్లకు జీతం పార్టీయే ఇవ్వాలి. ఏటా ఒకసారైనా పాత ప్రశ్నావళితో అవే వీధులకు మళ్లీ వెళ్లాలి. కొత్త పన్ను, కోత, నిషేధం ఏదైనా మంత్రివర్గానికి వెళ్లేముందు చీటీ తీసి ఎంచుకున్న ఇరవై నియోజకవర్గాల నుంచి ఒక పేజీ నివేదిక రావాలి. ఇవన్నీ నిర్ణయాన్ని ఒక వారం ఆలస్యం చేస్తాయి. మంత్రులకు నచ్చదు.

స్థానిక ఎన్నికలను కొత్త పార్టీలు చిన్నచూపు చూస్తాయి. 2020లో ఫ్రాన్స్ పురపాలక ఎన్నికల్లో అధికార పార్టీ ఒక్క పెద్ద నగరాన్నీ కొత్తగా గెలవలేదు. పారిస్‌లో టికెట్ రాని సొంత ఎంపీ తిరుగుబాటు అభ్యర్థిగా నిలబడ్డారు, పార్టీ మూడో స్థానానికి పోయింది. ఆ మే నెలలోనే పార్లమెంటులో 17 మందితో కొత్త గ్రూపు ఏర్పడి, అధికార పార్టీ సొంత బలం 288కి తగ్గింది. మెజారిటీకి కావాల్సింది 289. ఒక్కటంటే ఒక్క సీటు. ఎడమవైపు నుంచి వచ్చిన ఎంపీల గోడు వినే వేదిక పార్టీలో లేకపోవడంతో వాళ్లు బయట వెతుక్కున్నారు. విప్‌తో ఓటు వేయించవచ్చు గానీ అసమ్మతిని తీర్చలేం. నెలకోసారి తలుపులు మూసుకుని, మంత్రి జవాబు చెప్పక తప్పని సమావేశం ఉంటే వాళ్లలో సగం మందైనా ఆగేవారేమో.

నాయకుడు లేని రోజు

ఇజ్రాయెల్‌లో కదీమా పార్టీని ప్రధాని ఏరియల్ షరాన్ 2005 నవంబరులో పెట్టారు. ఆరు వారాలకే, 2006 జనవరి 4న, ఆయనకు పక్షవాతం వచ్చింది, మళ్లీ స్పృహలోకి రాలేదు. ఎహుద్ ఓల్మర్ట్ నాయకత్వంలో మార్చిలో 29 సీట్లతో గెలిచారు. 2009లో 28తో అందరికన్నా ముందున్నా ప్రభుత్వం ఏర్పాటు చేయలేకపోయారు. 2013లో 2 సీట్లు. తర్వాత పేరు కూడా వినబడలేదు. వారసత్వం అప్పటికప్పుడు సర్దుకుంది కానీ, పార్టీ దేనికోసం అన్న ప్రశ్నకు జవాబు షరాన్‌తోనే పోయింది.

నాయకుడు ఆరోగ్యంగా ఉన్నా అంతే కావచ్చు. 2022లో మాక్రాన్ మళ్లీ గెలిచారు, ఆయన కూటమికి మాత్రం 577లో 245 సీట్లే వచ్చాయి. 2023 పెన్షన్ చట్టాన్ని ఓటింగు లేకుండానే రాజ్యాంగంలోని 49.3 అధికరణం కింద నెగ్గించుకున్నారు. 2024 జూన్ 9న, ఐరోపా పార్లమెంటు ఎన్నికల్లో ఓడిన రాత్రి, పార్లమెంటును రద్దుచేశారు. సొంత ఎంపీలకు పోలింగుకు మూడు వారాలే మిగిలాయి. కూటమి బలం 160 లోపుకు పడిపోయింది. వరుసగా రెండుసార్లకు మించి అధ్యక్షుడిగా ఉండకూడదన్న నిబంధన వల్ల 2027లో ఆయన పోటీ చేయలేరు. పోటీ పడే వారసులు పార్టీలో పుట్టలేదు, ప్రభుత్వంలో పుట్టారు. ఎవరి జట్టు వాళ్లది. నాయకుడి ఎన్నిక గడువు, అధ్యక్ష పదవికి కాలపరిమితి, సభ రద్దు లాంటి నిర్ణయానికి ముందు ఎవరిని సంప్రదించాలి అన్నవి నియమావళిలో రాసుకోవడానికి సరైన సమయం గెలవకముందే. గెలిచాక ఆ కాగితం ఎవరూ ముట్టరు.

దీర్ఘాయువు సంగతికొస్తే నెదర్లాండ్స్‌లోని డీ66 చూడదగ్గది. 1966లో పుట్టింది. 1994లో 24 సీట్లతో ప్రభుత్వంలో చేరింది. తర్వాత ఎన్నికల్లో వరుసగా 14, 7, 6, చివరికి 2006లో 3. ఇంకో పార్టీ అయితే ఆ రాత్రే తాళం వేసేది. ఇక్కడ రుసుము కట్టే సభ్యులు, పురపాలికల్లో కూర్చున్న కౌన్సిలర్లు, నాయకుణ్ణి మార్చుకునే అలవాటు మిగిలాయి. 2010లో 10, 2012లో 12, 2017లో 19, 2021లో మళ్లీ 24 సీట్లు. ప్రభుత్వంలో కూర్చుని 2023లో 9కి దిగజారింది. 2025 అక్టోబరులో రాబ్ యెటన్ నాయకత్వంలో 26 గెలిచింది. అరువు ఓట్లు ప్రతిసారీ వెళ్లిపోతూనే ఉన్నాయి. అవి తిరిగొచ్చేసరికి తలుపు తీసే మనుషులు మాత్రం ఊళ్లలో ఉన్నారు.